యాభై రెండో సెకను

క్వారీలో పేలుడు వినిపిస్తే కొత్తవాళ్ళు భయపడతారు. పాతవాళ్ళం వినిపించకపోతే భయపడతాం.

పదేళ్ళుగా నా ఉద్యోగం వినడమే. క్వారీ అంచున రేకుల గదిలో కూర్చుని, స్టాప్‌వాచ్ పట్టుకుని, ఏ తూటా ఎన్నో సెకనులో పేలిందో రిజిస్టర్లో రాయాలి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. చప్పుళ్ళు వినడానికి జీతమేమిటని మా ఆయన కూడా మొదట్లో వెటకారమాడాడు. ఒక పూట వచ్చి నా పక్కన కూర్చోమన్నాను. కూర్చున్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ మాటెత్తలేదు.

తూటాలు పెట్టేది మా మామయ్య, అమ్మకు తమ్ముడు. రాతిగోడ పొడవునా వరసగా పది రంధ్రాలు, పదింటికీ వత్తులు, అన్నీ ఒకే పెద్ద వత్తికి కలిసుంటాయి. పేలాక రంధ్రాలుండవు, వాటి పక్కన సున్నంతో రాసిన నంబర్లూ ఉండవు, అంతా రాళ్ళగుట్ట అయిపోతుంది. పదిలో ఒకటి పేలకపోతే అది ఆ గుట్ట కింద ఎక్కడో పడి ఉంటుంది. గుట్ట ఎత్తడానికి వచ్చిన లోడరు బకెట్ పళ్ళు దాన్ని తాకితే చాలు. నేను చేరకముందు ఒకసారి అలా జరిగిందట. ఆ లోడరు సీటు ఇప్పటికీ షెడ్డు వెనక పడి ఉంది. దాన్ని పాతసామాన్లకు వెయ్యడానికి కూడా ఎవరికీ చెయ్యి రాలేదు.

అందుకే మామయ్య వత్తుల్ని సమానంగా కత్తిరించడు. సమానమైన ఎడంతో పేలితే ఒకటి తప్పిందని తెలుస్తుందిగానీ, మధ్యలో లెక్క మరిచామంటే ఏది తప్పిందో తెలియదు. ఆయన ఎడం పెంచుకుంటూ పోతాడు. మొదటి తూటాకీ రెండోదానికీ మూడు సెకన్లు, తర్వాత ఐదు, తర్వాత ఏడు, తొమ్మిది, పదకొండు. ఏ రెండు చప్పుళ్ళ మధ్య ఎంత ఎడం ఉందో వింటే చాలు, అవి ఏవో తెలిసిపోతుంది. ముడులు వేసిన తాడొకటి పెట్టుకుని కొలుస్తాడు, చదువుకోలేదు. దానికి సూత్రం కనిపెట్టింది నేను. ఎన్నో రంధ్రమో ఆ నంబరును దాంతోనే హెచ్చవేసి మూడు కలపాలి. ఒకటో రంధ్రం నాలుగో సెకనులో, రెండోది ఏడులో, మూడోది పన్నెండులో, పదోది నూట మూడులో. బళ్ళో లెక్కల పుస్తకంలో ‘ఎన్‌వ పదం’ అని చెప్పేవారే, అదే. వందో పదం కావాలంటే తొంభై తొమ్మిదీ రాసుకుంటూ పోనక్కర్లేదు, తిన్నగా వందను సూత్రంలో పెడితే చాలు. గదిలో గోడమీద పెద్దక్షరాలతో రాసుకున్నాను. గర్వమే, కాదనను.

ఇప్పుడు లోడరు నడిపేది మా చెల్లెలు.

అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్ళు. పెంచింది నేనే. యంత్రమంటే ప్రాణం దానికి, లెక్కలంటే జ్వరం. బళ్ళో దాని లెక్కలన్నీ నేనే చేసిపెట్టేదాన్ని. అది పక్కన పడుకుని, "అయిందా అక్కా?" అనేది. జవాబు రాసిస్తే కళ్ళు మూసుకుని కాపీ చేసేది. నేర్పు, చేసిపెట్టకు అని పంతులమ్మ నాలుగుసార్లు కబురు పెట్టింది. నేను విన్నానా?

ఆ రోజు పొద్దున సైరన్ పాడైంది. మామూలుగా పెద్ద వత్తి మీద గుర్తు దాకా నిప్పు రాగానే మామయ్య సైరన్ మీట నొక్కుతాడు, ఆ కూతకు నేను స్టాప్‌వాచ్ నొక్కుతాను. సైరన్ లేదు గనక ఆ గుర్తు దగ్గర ఆరుబయట ఒక చిన్న పేలుడుమందు పొట్లం కట్టాడు.

"ఇది ఢామ్మనగానే నొక్కు అమ్మాయ్. మిగతాదంతా ఎప్పట్లాగే" అన్నాడు.

"సరే మామయ్యా. నాకేమైనా కొత్తా?" అన్నాను.

పొట్లం పేలింది. నొక్కాను. రిజిస్టర్లో మొదటి వరుసలో సున్నా రాశాను. అదే నా పాపం. ఆ పుస్తకంలో వరుసలకు ముందే ఒకటి నుంచి పది దాకా నంబర్లు అచ్చేసి ఉంటాయి. రోజూ ఒకటో వరుసలో ఒకటో రంధ్రం రాస్తాను. ఆ రోజు ఒకటో వరుసను పొట్లానికిచ్చేశాను.

నాలుగు. ఏడు. పన్నెండు. పంతొమ్మిది. ఇరవై ఎనిమిది. ముప్పై తొమ్మిది. తర్వాత నిశ్శబ్దం. పెన్ను ఎనిమిదో వరుస మీద ఆనించి ఉంచాను. అరవై ఏడులో మళ్ళీ చప్పుడు, తర్వాత ఎనభై నాలుగు, నూట మూడు.

పది వరుసలూ నిండాయి. అన్నీ పేలాయని ఒక్క క్షణం సంబరపడబోయి, పొట్లం గుర్తొచ్చి ఒకటి తీసేశాను. తొమ్మిదే పేలాయి. ఒకటి గుట్ట కింద ఉంది. ఏది? ఏడో వరుసలో ముప్పై తొమ్మిది ఉంది, దాని తర్వాత రావాల్సింది రాలేదు. ఏడు తర్వాత ఎనిమిది. మొత్తంలోంచి ఒకటి తీసెయ్యడం గుర్తొచ్చిన మనిషికి వరుస నంబరులోంచీ ఒకటి తీసెయ్యాలని గుర్తు రాలేదు. భయం మనిషి తెలివిని సగమే పని చెయ్యనిస్తుందనుకుంటాను.

మామయ్య పైకెక్కి వచ్చాడు. ఇన్నేళ్ళ తూటాలు ఆయన చెవుల్ని మింగేశాయి. నోటి కదలికను చూసి మాట పట్టుకుంటాడు.

"ఒకటి తక్కువైనట్టుంది. కాళ్ళకింద అదురు లెక్కపెట్టాను. ఎన్నోది?"

"ఎనిమిది."

"ఖాయమేనా?"

"ఖాయం."

"ఇంకొక్కసారి చూడమ్మా. కింద గుట్టెత్తేది మన పిల్ల."

నాకు ముక్కుమీద కోపం. "పదేళ్ళుగా చెబుతున్నాను, ఎప్పుడైనా తప్పానా? నీకు నమ్మకం లేకపోతే నువ్వే విను" అన్నాను. చెవులు పోయిన మనిషితో అన్నాను ఆ మాట. ఆయన టేపు తీసుకుని దిగిపోయాడు.

రంధ్రం ఎక్కడుందో చెప్పేది కూడా ఒక వరసే. రాతిగోడ మొదట్లో పాతిన ఇనప మేకు నుంచి రెండు మీటర్ల దూరంలో మొదటిది, అక్కణ్ణుంచి మూడు మీటర్లకొకటి. నంబరును మూడుతో హెచ్చవేసి ఒకటి తీసెయ్యాలి. ఎనిమిదికి ఇరవై మూడు మీటర్లు. మామయ్య ఇరవై మూడు దగ్గర ఎర్రజెండా పాతాడు, దానికి రెండు మీటర్లు ఇవతల, ఇరవై ఒకటి దగ్గర, తాడు పరిచాడు. మా పద్ధతి ప్రకారం తాడు దాకా లోడరు గుట్టెత్తొచ్చు. తాడు దాటి మిగిలింది మామయ్య చేత్తో, నీళ్ళు పోసుకుంటూ, ఒక్కో రాయీ తీస్తాడు.

పొగ సర్దుకోవడానికి ఆగి, సరిగ్గా పదకొండింటికి చెల్లెలు లోడరెక్కింది. కింద నుంచి నాకేసి చూసి ఎనిమిది వేళ్ళు చూపించింది. నేను తలూపాను. అది చెవులకు మూతలు పెట్టుకుని బండి కదిలించింది.

నేను టీ కాచుకున్నాను. పేలని తూటా గురించి ఆఫీసుకు ఒక కాగితం పంపాలి, దాన్ని ముందేసుకుని తీరిగ్గా కూర్చున్నాను. మూడు గళ్ళు. రంధ్రం నంబరు. పేలాల్సిన సెకను. పేలిన సెకను. మొదటి గడిలో ఎనిమిది వేశాను. రెండో గడికి సూత్రం. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, మూడు కలిపితే అరవై ఏడు. రాశాను. మూడో గడిలో ‘పేలలేదు’ అని రాయబోతూ రిజిస్టర్ వైపు చూశాను.

అరవై ఏడు అక్కడుంది. నా చేతిరాతతోనే.

అరవై ఏడో సెకనులో చప్పుడు నేను విన్నాను. ఎనిమిది పేలింది. అది పేలిపోయి గంటకు పైగా అయింది. రిజిస్టర్లో లేనిది యాభై రెండు. ఏడేడ్లు నలభై తొమ్మిది, మూడు కలిపితే యాభై రెండు. పేలనిది ఏడో రంధ్రం. మేకు నుంచి ఇరవై మీటర్లు. తాడుకు ఇవతల, లోడరు ఎత్తుకోవచ్చని మేం అనుమతిచ్చిన చోట.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కుర్చీలోంచి లేచానో పడ్డానో తెలియదు. కప్పు ఒళ్ళో ఒలికి కాలినట్టు సాయంత్రానికిగానీ తెలియలేదు. సైరన్ లేదు. ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో ఉన్నాయి, తూటాలున్న చోట ఫోనుండకూడదని మామయ్య నియమం. తలుపు దగ్గర నిలబడి గొంతు చిరిగేలా అరిచాను. లోడరు రొదలో నా అరుపు నాకే వినపడలేదు.

గడియారం పదకొండూ ఇరవై నాలుగు.

చెల్లెలు గుట్టను మూడేసి మీటర్ల పట్టుగా ఎత్తుతుంది, పట్టుకు ఐదు నిమిషాలు. వద్దన్నా బుర్ర లెక్క మొదలెట్టింది. ఆరో పట్టు పద్దెనిమిది మీటర్ల దాకా. ఏడో పట్టులో ఇరవై మీటర్లు వస్తుంది. ఏడోది మొదలయ్యేది ముప్పై నిమిషాలకు. ఆరు నిమిషాలున్నాయి. దారి చుట్టూ తిరిగి వెళితే పది నిమిషాలు. క్వారీ గోడను మెట్లుగా తొలిచిన బెంచీల మీద ఇనప నిచ్చెనలు దిగితే ఐదు.

నిచ్చెనలు దిగాను. మూడు నిచ్చెనలు, ఒక్కోటీ రెండు నిలువులు. ఎత్తంటే నాకు మహాభయం, పదేళ్ళలో ఒక్కసారీ వాటి మీద కాలు పెట్టలేదు. ఆ రోజు కిందికి చూడలేదు, మెట్టు మీద కూడా మనసు లేదు. ఒకటే మాట లోపల కొట్టుకుంటోంది, ఆరు నిమిషాలు, ఆరు నిమిషాలు. దేవుణ్ణి తలుచుకోవడానికి కూడా చోటు లేదు. రెండో నిచ్చెన దగ్గర చెప్పు ఊడిపోయింది. రాళ్ళమీద ఒంటికాలి చెప్పుతో పరుగెత్తాను.

మూడో నిచ్చెన దిగి మలుపు తిరిగాక లోడరు కనిపించింది. నా లెక్క ప్రకారం ఇంకా ఆరో పట్టులో ఉండాలి. లేదు. ఆరో పట్టు అప్పుడే ఖాళీ, కింద చదునుగా నేల కనిపిస్తోంది. పేలని తూటా పక్కన రాయి సరిగ్గా పగలదు, గుట్ట తక్కువగా ఉంటుంది, తక్కువ గుట్టను తొందరగా ఎత్తేస్తారు. నా సూత్రంలో ఆ మాట లేదు. చెల్లెలు నేను కాగితం మీద వేసుకున్న అంకె కాదు, పని చేస్తున్న మనిషి.

బకెట్ ఏడో పట్టు మీదికి దిగుతోంది.

నేను దాని వెనక నుంచి వస్తున్నాను. అరిచి లాభం లేదు, అది చెవులకు మూతలు పెట్టుకుంది. అద్దంలో చూసే అలవాటున్నా దాని కళ్ళు బకెట్ పళ్ళ మీదే ఉన్నాయి. పక్కగా పరుగెత్తి, చక్రాన్ని దాటి, గుట్ట మీదికెక్కి బకెట్‌కు ఎదురుగా నిలబడ్డాను. రెండు చేతులూ చాపాను. బకెట్ కిందిభాగం కీచుమంటూ నా మోకాళ్ళకు గజం దూరంలో ఆగింది.

ఇంజను ఆగింది. చెవిమూతలు లాగేసుకుంటూ చెల్లెలు కిందికి దూకింది. దాని మొహం తెల్లగా పాలిపోయింది.

"పిచ్చా నీకు! చచ్చేదానివి! ఇంకొక్క క్షణం ఆలస్యమైతే నేనే నిన్ను... అక్కా, ఏంటే ఇది?"

"ఏడు" అన్నాను. "ఎనిమిది కాదే. ఏడు. అది ఇక్కడే ఉంది."

చెల్లెలు అర్థంకానట్టు చూసింది. తర్వాత నా కాళ్ళకేసి చూసింది. అప్పుడు నేనూ చూసుకున్నాను. ఎడమకాలు ఒక పలకరాయి మీద ఉంది, కుడికాలు దాని పక్క సందులో. కదిలితే రాయి కదులుతుంది. ఆ రాయి కింద ఏముందో నాకు తెలియదు.

ఇంకో ఎర్రజెండా పట్టుకుని దారి దగ్గర కాపలా ఉన్న మామయ్య నా పరుగు చూసి వచ్చేశాడు. ఆయనకు మాటలు చెప్పే పని పడలేదు. నా వేళ్ళు చూశాడు, ఏడు వేళ్ళు. మేకుకు టేపు తగిలించి, మెల్లగా, ఖాళీ అయిన నేలమీదుగా నా వైపు నడిచి వచ్చాడు. టేపు కొస నా ఎడమపాదం దగ్గర ఆగింది.

"పంతొమ్మిదిన్నర" అన్నాడు. "అమ్మాయ్, కాలు ఎత్తకు. ముందు నా భుజం పట్టుకో. బరువంతా నా మీద వెయ్యి."

ఆయన భుజం పట్టుకున్నాను. నాకంటే ముందు చెల్లెలు ఏడ్చింది. "వెనక్కి పో, దూరంగా పో" అని అరిచాను దాని మీద. అది కదలలేదు. రెండు చేతులూ నా నడుం చుట్టూ వేసి, "నేను పట్టుకున్నా, నువ్వు దిగు" అంది. మా ముగ్గురిలో ఎవరికీ బుద్ధి లేదనే చెప్పాలి. రాయి కొంచెం ఊగింది. మేం ముగ్గురం ఒక్కసారే ఊపిరి బిగబట్టాం. రాయి ఆగింది. కుడికాలు, తర్వాత ఎడమకాలు. నేల తగిలాక కూడా చాలాసేపు మామయ్య భుజం వదల్లేకపోయాను.

మమ్మల్నిద్దర్నీ మలుపు అవతలికి పంపేశాడు. తను బిందెతో నీళ్ళు పట్టుకుని ఒంటరిగా వెళ్ళాడు. మేం బండకు ఆనుకుని కూర్చున్నాం. ప్రతి చిన్న రాయి చప్పుడుకీ చెల్లెలు నా వేళ్ళు పట్టుకుని నొక్కుతోంది, ఎముకలు నలిగాయి, వదలమనలేదు.

ముప్పావుగంటకు మామయ్య వచ్చాడు. చేతిలో తడిసిన వత్తిముక్క, మూరెడు. ఒక కొస నల్లగా మాడి ఉంది, నిప్పు అక్కడిదాకా వచ్చి ఆరిపోయింది.

"ఇరవై దగ్గరే ఉంది. పలకరాయి కిందే. బకెట్ పళ్ళు గీసిన గీతకు గజమున్నర దూరం" అన్నాడు. తర్వాత నాకేసి చూసి, కొట్టినా బాగుండును, నెమ్మదిగా అన్నాడు. "రెండోసారి చూడమన్నానమ్మా."

"అన్నావు మామయ్యా" అన్నాను. ఇంకేం అనగలను? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఎన్ని క్షమాపణలు చెప్పినా, పేలి ఉంటే వినడానికి చెల్లెలుండేది కాదు. అదే చెప్పాను, ఏడుస్తూ చెప్పాను. నా పొగరు, నా అచ్చేసిన వరుసలు, ఒక్కటీ దాచలేదు.

చెల్లెలు నా కన్నీళ్ళు తన చున్నీతో తుడిచింది. దానికి కోపమే రాలేదు. వస్తే నాకు తేలికయ్యేది.

"పోనీలే అక్కా. ఒక్కసారి తప్పింది. పదేళ్ళలో ఒక్కసారి. రేపట్నుంచీ మామూలే, నువ్వు నంబరు చెప్పు చాలు. నువ్వు చెబితే నేను కిందికి చూడను కూడా చూడను."

నిచ్చెన మీద పుట్టని భయం ఆ మాటకు పుట్టింది. రాయి మీద నిలబడ్డప్పటి భయం కూడా దీనిముందు తక్కువే. బళ్ళో పక్కన పడుకుని కళ్ళు మూసుకుని జవాబు కాపీ చేసిన పిల్లే ఇంకా అక్కడ కూర్చుని ఉంది. దాన్ని అలా తయారు చేసింది నేను. నేర్పు, చేసిపెట్టకు అని నాలుగుసార్లు కబురొచ్చినా చేసిపెట్టింది నేను.

"పైకి రా" అన్నాను.

దారి చుట్టూ తిరిగి గదిలోకి తీసుకెళ్ళాను. రిజిస్టరూ తెల్లకాగితమూ పెన్నూ దాని ముందు పెట్టాను.

"ఏది పేలలేదో నువ్వు చెప్పు."

"తెలుసుగా. ఏడు."

"తెలిసింది వద్దు. లెక్క చెయ్యి. ఒకటి నుంచి మొదలెట్టు. ప్రతిదానికీ పేలాల్సిన సెకను రాసి, పుస్తకంలో ఉందో లేదో చూడు."

"అబ్బా, ఇప్పుడా? నాకు రాదని తెలుసుగా. నువ్వు చేసెయ్, నేను చూస్తా."

"నేను చెయ్యను. నువ్వు చేసేదాకా ఆ లోడరు తాళం నీకివ్వను" అన్నాను. దాని తాళం నా జాకెట్‌లో దోపుకున్నాను. నా గొంతులో ఏం వినపడిందో, అది పెన్ను అందుకుంది.

గోడమీది సూత్రం చూసి, వేళ్ళు మడుచుకుంటూ మొదలెట్టింది. ఒకటి ఒకట్ల ఒకటి, మూడు కలిపితే నాలుగు. పుస్తకంలో వెతికింది, దొరికింది, టిక్కు పెట్టింది. రెండు, ఏడు, టిక్కు. నాలుగో దాని దగ్గర తప్పు చేసి నాకేసి చూసింది. నేను కిటికీకేసి తిరిగాను. కొట్టేసి మళ్ళీ చేసింది. ఐదు, ఇరవై ఎనిమిది. ఆరు, ముప్పై తొమ్మిది. ఒక్కో టిక్కుకీ ఒక్కో నిమిషం పట్టింది. చెప్పెయ్యాలని నా నాలుక దురద పెట్టింది, పళ్ళతో కరిచిపట్టుకున్నాను.

"ఏడేడ్లు నలభై తొమ్మిది" అంది చెల్లెలు. "మూడు... యాభై రెండు."

రిజిస్టర్ మీద వేలుపెట్టి పైనుంచి కిందికి దించింది. ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది. కింది గీతకు దిగింది, అరవై ఏడు. మళ్ళీ పైకెళ్ళింది. మళ్ళీ దిగింది.

"యాభై రెండు లేదక్కా" అంది.

"లేదు" అన్నాను.

అది తలెత్తలేదు. వేలు ఆ రెండు గీతల మధ్య ఉన్న ఖాళీ మీదే ఉండిపోయింది. "ఇక్కడే కదా నేను బకెట్ దించింది" అని, నేను చెప్పకుండానే ఎనిమిదో లెక్క మొదలెట్టింది.